బోటు బ్యాటరీ కేబుళ్లకు క్రింపింగ్ టూల్ ఏది కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవుతుంది. జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మాకు అసలు పని అప్పుడే. చెక్కలు మార్చేవాళ్లు, రంగు వేసేవాళ్లు, ఇంజిన్ విప్పేవాళ్లు, వాళ్ల మధ్యలో వైరింగ్ చూసుకునే మాలాంటి వాళ్లు. ఆ రెండు నెలల్లో బోటు ఓనర్లూ, పని నేర్చుకుంటున్న కుర్రాళ్లూ నన్ను అడిగేవాటిలో సగం ప్రశ్నలు బ్యాటరీ కేబుల్‌కు లగ్గు నొక్కే టూల్ గురించే. అందరికీ విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాశాను. లగ్గు అంటే కేబుల్ చివర తొడిగి బోల్టుకు బిగించే రాగి ముక్క, ఒకవైపు గొట్టం, ఇంకోవైపు కన్నం ఉన్న చదును రేకు; ఆ గొట్టాన్ని కేబుల్ మీద టూల్‌తో గట్టిగా నొక్కడమే క్రింపింగ్. లగ్గు అన్నా, థింబుల్ అన్నా, సాకెట్ అన్నా వస్తువు ఒకటే. నేను లగ్గు అనే అంటాను.

లగ్గు నొక్కడం గురించి ఇంత పట్టింపు ఎందుకు? ఇన్నేళ్లూ సుత్తితో కొట్టి వేసుకోలేదా?

వేసుకున్నాం. నేనూ వేశాను. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక బోటుకు సుత్తితో కొట్టి వేసిన కేబుల్ ఆ ఏడాది ఆగస్టులో సముద్రం మీద చెయ్యిచ్చింది. రాత్రి ఇంజిన్ ఆపి పడుకున్నారు. తెల్లవారి సెల్ఫ్ కొడితే టక్ మని ఒక చప్పుడు, అంతే. బ్యాటరీలు నిండుగానే ఉన్నాయి. ఇంకో బోటువాళ్లు తాడు కట్టి పూటంతా లాక్కొచ్చారు. ఒడ్డుకు వచ్చాక ఆ లగ్గును హాక్సాతో కోసి చూశాను. బయటికి నిగనిగలాడుతూనే ఉంది. లోపల గుప్పెడు పోగులు మాత్రమే గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మిగతా పోగుల మధ్య ఖాళీల్లో ఆకుపచ్చ చిలుము పొడిపొడిగా రాలింది. ఆ బోటులో ఉన్నవాళ్లందరి ఇళ్లలో ఆ పూట ఎంత టెన్షన్ పడ్డారో నేను చూశాను. అప్పటినుంచి ఈ విషయంలో నేను రాజీ పడను.

లెక్క కూడా చూడండి. 12 వోల్టుల మీద పెద్ద డీజిల్ ఇంజిన్ తిప్పడానికి స్టార్టర్ మూడు నాలుగు వందల ఆంపియర్లు లాగుతుంది. ఒక లగ్గు దగ్గర ఓమ్‌లో వెయ్యో వంతు, అంటే ఒక్క మిల్లీ ఓమ్ అడ్డు (రెసిస్టెన్స్) ఉందనుకోండి. 400 ఆంపియర్ల దగ్గర అక్కడ 0.4 వోల్టు పోతుంది, 160 వాట్ల వేడి పుడుతుంది. మనం టంకం పెట్టే ఐరన్ 25 వాట్లో, 60 వాట్లో ఉంటుంది. 60 వాట్లదానికి కూడా రెండు మూడింతల వేడి వేలెడంత రాగి గొట్టంలో పుడుతోందన్నమాట. అదే సరిగ్గా నొక్కిన లగ్గు అయితే దాని అడ్డు అంతే పొడవున్న కేబుల్ ముక్క అడ్డు కన్నా ఎక్కువ ఉండదు. 70 స్క్వేర్ ఎంఎం కేబుల్‌లో (70 అంటే లోపలి రాగి వైశాల్యం, చదరపు మిల్లీమీటర్లలో; ఇకపై ఉత్త స్క్వేర్ అంటాను) మూడు సెంటీమీటర్లకు అది మిల్లీ ఓమ్‌లో నూరో వంతు కూడా లేదు.

టూల్ లేకుండా టంకం పోసేస్తే సరిపోదా?

టంకం ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. ఎందుకో చెప్తాను. మామూలు తగరం-సీసం టంకం 183 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. వదులైన టెర్మినల్ వేడెక్కితే ఆ వేడి రావడం పెద్ద కష్టం కాదు. అంతకన్నా పెద్ద సమస్య ఇంకోటుంది. కరిగిన టంకం పోగుల మధ్య నుంచి పైకి పాకుతుంది. అది పాకినంత మేర కేబుల్ కడ్డీలా బిగుసుకుంటుంది. బోటు ఇంజిన్ అదురు ఆగదు కదా, ఆ కడ్డీ ఆగి మెత్తని కేబుల్ మొదలయ్యే చోట పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైన పీవీసీ తొడుగు ఉంటుంది కాబట్టి మీకు కనిపించదు.

అమెరికాలో పడవల వైరింగ్‌కు పాటించే ఏబీవైసీ ప్రమాణం కూడా అతుకును పట్టి ఉంచే బలం టంకం ఒక్కదాని మీదే ఉండకూడదంటుంది. బ్యాటరీ లగ్గులకు మాత్రం, టంకం తగిలే పొడవు కేబుల్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉంటే మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు ఉన్నా నేను మా బోట్లకు టంకం వాడను. నొక్కాక పైనుంచి టంకం పోయమని అడిగేవాళ్లూ ఉన్నారు. నొక్కుడు బాగా పడితే టంకానికి లోపల చోటుండదు. చోటుందంటే నొక్కుడు బాగా పడలేదని అర్థం.

సరే, ఏ టూల్ కొనమంటారు?

ఆగండి. అందరూ ముందు టూల్ కొని, తర్వాత దానికి పట్టే లగ్గుల కోసం తిరుగుతారు. వరస తిప్పండి. మీ బోటుకు కావాల్సిన కేబుల్ ముందు తేల్చుకోండి. ఆ కేబుల్‌కు పట్టే లగ్గు కొనండి. ఆ లగ్గుకు సరిపడే డై, అంటే టూల్ తలలో పెట్టి లగ్గును నొక్కే రెండు సగాల అచ్చు, ఏదో చూడండి. ఆ డై దొరికే టూల్ ఏదైతే అదే మీ టూల్. డై సరిపోకపోతే ఎంత ఖరీదైన టూలైనా పనికిరాదు.

కేబుల్ ఎంత సైజు ఉండాలి?

బ్యాటరీ నుంచి స్టార్టర్‌కూ, స్టార్టర్ నుంచి తిరిగి బ్యాటరీకీ రానుపోను పొడవు కొలవండి. చాలామంది పాజిటివ్ వైపు ఒక్కటే కొలిచి ఊరుకుంటారు. రానుపోను ఆరు మీటర్లు, కరెంటు 400 ఆంపియర్లు అనుకుంటే మెత్తని రాగి కేబుల్‌లో పోయే వోల్టేజీ 35 స్క్వేర్‌కు సుమారు 1.3 వోల్టులు, 50 స్క్వేర్‌కు 0.9, 70 స్క్వేర్‌కు 0.65. 12 వోల్టుల బోటులో 1.3 వోల్టులు పోవడం చాలా ఎక్కువ. కాబట్టి పెద్ద ఇంజిన్‌కు 70 వేస్తాం, బ్యాటరీ పెట్టె దూరంగా ఉంటే 95. 24 వోల్టుల ఇంజిన్ అయితే అదే పనికి కరెంటు సగమే కాబట్టి కొంత వెసులుబాటు ఉంటుంది.

ఔట్‌బోర్డ్ మోటారు తాడు లాగి స్టార్ట్ చేసే ఫైబర్ తెప్పలకు ఈ గొడవేమీ లేదు.

వెల్డింగ్ కేబుల్ వాడొచ్చా?

రాగిదైతే వాడొచ్చు. సన్నని పోగులు కాబట్టి ఇంజిన్ అదురుకు బాగా ఓర్చుకుంటుంది. తగరం పూత ఉన్న మెరైన్ కేబుల్ దొరికితే అంతకన్నా మేలు, ఉప్పుగాలికి పోగులు నల్లబడవు. కానీ వెల్డింగ్ కేబుల్ కొనేటప్పుడు ఒక పని చెయ్యండి: ఒక పోగు తీసి చాకుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. రాగితో పోలిస్తే దాని గుండా కరెంటు మూడింట రెండు వంతులే పారుతుంది, ఉప్పు తగిలితే తొందరగా పొడి అవుతుంది. చుట్టను చేత్తో ఎత్తి చూసినా తెలుస్తుంది. అదే పరిమాణం ఉన్న అల్యూమినియం కన్నా రాగి మూడు రెట్లకు పైగా బరువు.

ఇంకో చిక్కు. సన్న పోగుల కేబుల్‌లో పోగుల మధ్య గాలి ఎక్కువ, అందుకే అదే 70 స్క్వేర్ అయినా మొత్తం కట్ట కాస్త లావుగా ఉంటుంది. ప్యానెల్ బోర్డుల కోసం చేసిన 70 లగ్గులోకి అది ఒక్కోసారి దూరదు. అప్పుడు కొందరు చుట్టూ ఉన్న నాలుగు పోగులు కత్తిరించి దూరుస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. సన్న పోగుల కేబుల్‌కు గొట్టం కాస్త వెడల్పుగా ఉన్న లగ్గు అని అడిగి తెచ్చుకోండి. షాపుకి కేబుల్ ముక్క పట్టుకెళ్లి అక్కడే దూర్చి చూసుకుంటే ఇంకా మంచిది.

లగ్గులో ఏం చూడాలి?

రాగిదై ఉండాలి, తగరం పూత ఉండాలి, గొట్టానికి నిలువునా అతుకు గీత ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా గొట్టం మందం చూడండి. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. ఒకటి బరువుగా, మందంగా, ఇంకోటి పల్చగా రేకులా ఉంటుంది. రెండిటి మీదా 70-10 అనే ఉంటుంది: 70 స్క్వేర్ కేబుల్‌కు, 10 ఎంఎం బోల్టుకు అని. ఎప్పుడూ బరువైనదే తీసుకోండి. బోల్టు రంధ్రం కూడా కొలిచే కొనండి. 8 ఎంఎం రంధ్రాన్ని డ్రిల్లుతో 10కి పెంచితే చుట్టూ రాగి తగ్గిపోతుంది, పూత కూడా పోతుంది. గొట్టం కొసలో చిన్న కన్నం ఉన్న లగ్గులు ప్యానెల్‌కు మంచివే, పోగులు చివరిదాకా వెళ్లాయో లేదో కనిపిస్తుంది. బోటులో మాత్రం ఆ కన్నమే ఉప్పునీటికి దారి. కొస మూసి ఉన్నవి దొరికితే అవే వాడండి. లేకపోతే కన్నం కూడా కప్పేలా స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని అతుక్కునే గొట్టం) వెయ్యండి.

టూళ్లలో ఏమేం రకాలున్నాయి? ఏది ఎవరికి?

అన్నిటికన్నా చవకైనది సుత్తి టూల్. ఇనప దిమ్మలో లగ్గు పెట్టి, పైనున్న మేకులాంటి ముక్క మీద సుత్తితో కొట్టాలి. లగ్గు మధ్యలో లోతుగా గుంట పడుతుంది. కానీ ప్రతి దెబ్బా ఒకేలా పడదు. కింద దాగలి ఉంటే ఒకలా, ఊగే చెక్క మీద పెడితే ఇంకోలా పడుతుంది. గుంట కింద పోగులు బిగుస్తాయి, పక్కల వదులుగానే ఉంటాయి. మొదట్లో చెప్పిన ఆ బోటు సముద్రం మీద ఆగిపోయింది ఇలా పక్కల వదులుగా ఉండటం వల్లే. బోటులో అత్యవసరానికి ఒకటి పడేసి ఉంచుకోవచ్చు. ఒడ్డున, తీరిగ్గా చేసే పనికి వద్దు.

తర్వాత పొడుగు పిడుల టూల్. చెట్ల కొమ్మలు కత్తిరించే కత్తెరలా రెండు పొడవాటి పిడులు, మొనలో తిరిగే డైలు. నూనె లేదు, సీలు లేదు, పాడయ్యేది దాదాపు ఏమీ లేదు. మంచి కంపెనీది అయితే పదేళ్లయినా అలాగే ఉంటుంది. ఇబ్బంది ఏంటంటే 70, 95 సైజులకు ఒక పిడిని నేలకు ఆనించి, ఒళ్లంతా ఉపయోగించి నొక్కాలి. ఇంజిన్ గదిలో పిడులు తెరవడానికి చోటు చాలదు. కేబుల్ పైకి తెచ్చి డెక్ మీదో, షెడ్డులోనో నొక్కుకునేవాళ్లకు మాత్రం ఇది చాలా నమ్మకమైన పనిముట్టు.

హైడ్రాలిక్ చేతి టూల్ మన దగ్గర ఎక్కువగా తిరిగేది. డైలు పట్టే తల, పంపు కొట్టే పిడి, పెట్టెలో వరసగా డైలు. బజారులో వై.క్యూ.కె.-70, 120, 240 అని దొరుకుతాయి. ఆ అంకె అది నొక్కగలిగే గరిష్ఠ కేబుల్ సైజు. 70 స్క్వేర్ మీ పెద్ద కేబుల్ అయితే 70 టూల్ కొనొద్దు, 120 కొనండి. అంచు దగ్గర పని చేయిస్తే చివరి రెండు పంపులకు టూల్ ఏడుస్తుంది, సీలు తొందరగా పోతుంది. డోవెల్స్, జైన్‌సన్ లాంటి మన దేశపు కంపెనీల టూళ్లు కూడా ఎలక్ట్రికల్ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. వాటితో ఉన్న సౌకర్యం ఏంటంటే డై విడిగా అడిగి తెప్పించుకోవచ్చు.

ఛార్జింగ్ బ్యాటరీతో నడిచే టూల్ గురించి చెప్పాలంటే, రోజూ పదుల లగ్గులు నొక్కేవాళ్లకు చెయ్యి నొప్పి తగ్గుతుంది. ఒక్క బోటు ఓనరుకు ఆ డబ్బు దండగ.

ప్లాస్టిక్ పిడుల చిన్న ప్లయర్లతో ఈ పని కాదు. అవి ఆరు స్క్వేర్, పది స్క్వేర్ దాకానే.

ఎక్కువ టన్నులు ఉంటే మంచి నొక్కుడు పడుతుందా?

ఈ నమ్మకం బాగా పాతుకుపోయింది. టన్నులు చేసే పని డైల రెండు సగాలను పూర్తిగా కలపడమే. కలిశాక లోపల ఎంత సందు మిగిలిందో దాన్ని డై నిర్ణయిస్తుంది, టన్నులు కాదు. 8 టన్నుల టూల్‌తో డై మూసుకుంటే, అదే డైని 16 టన్నులతో మూసినా లగ్గు ఒక్క వెంట్రుక కూడా ఎక్కువ నలగదు. 120 స్క్వేర్ లోపు పనికి 8 టన్నులు సరిపోతాయి. పెద్ద టూల్ బరువు మోసుకుంటూ నిచ్చెన దిగడం తప్ప వేరే లాభం లేదు.

డై మీద 70, లగ్గు మీద 70 అని ఉంది. సరిపోయినట్టేనా?

ఈ ఒక్క ప్రశ్న కోసమైనా ఇదంతా చదవండి.

70 అనేది కేబుల్ లోపలి రాగి వైశాల్యం. దాని మీద తొడిగే లగ్గు గొట్టం ఎంత మందమో ఆ అంకె చెప్పదు. డై నొక్కేది లగ్గును కదా! ఉదాహరణకు రెండు లగ్గులు తీసుకుందాం. రెండిటికీ లోపలి వ్యాసం 12.5 ఎంఎం. మందమైనదానికి బయటి వ్యాసం 17.5, పల్చనిదానికి 15. మందమైన లగ్గు గోడలో రాగి 118 చదరపు మిల్లీమీటర్లు, కేబుల్‌ది 70, కలిపి 188. ఆరు పలకల డైలో ఎదురెదురు పలకల మధ్య దూరాన్ని దాంతోనే గుణించి, వచ్చినదాన్ని 0.866తో గుణిస్తే లోపలి వైశాల్యం వస్తుంది. 188 నిండాలంటే ఆ దూరం 14.7 ఎంఎం ఉండాలి. పల్చని లగ్గుకు గోడలో రాగి 54, కేబుల్‌తో కలిపి 124, కావాల్సిన దూరం 12 ఎంఎం. కేబుల్ ఒకటే, లగ్గు మీద అంకె ఒకటే, కావాల్సిన డైలో మాత్రం రెండున్నర మిల్లీమీటర్ల పైన తేడా!

ఇప్పుడు 14.7 డైలో ఆ పల్చని లగ్గు పెట్టి నొక్కారనుకోండి. బయట 15 ఎంఎం ఉన్నది 14.7కి వస్తుంది. ఆరు పలకలు అందంగా పడతాయి, చూసినవాళ్లు భలే ఉందంటారు. లోపల పోగులు ఇంకా వదులుగా ఊగుతుంటాయి.

నేను ఒకసారి కొన్న టూల్ పెట్టెలో 50 అని, 70 అని చెక్కిన డైలు రెండూ వెర్నియర్‌తో కొలిస్తే తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. అప్పటినుంచి డై మీద అంకెను గుర్తుగా మాత్రమే చూస్తాను. కొత్త టూల్ ఏది వచ్చినా లగ్గు లేకుండా ఖాళీగా పూర్తిగా మూసి, ఎదురెదురు పలకల మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచి, మార్కర్‌తో డై వెనక రాసుకుంటాను. పెట్టె కొన్న రోజు అరగంట పని, మళ్లీ అక్కర్లేదు.

జర్మన్ ప్రమాణం డిఐఎన్ 46235 ప్రకారం చేసిన లగ్గుల మీద డై గుర్తు అంకె కూడా చెక్కి ఉంటుంది: 35 స్క్వేర్‌కు 12, 50కి 14, 70కి 16, 95కి 18. ఎన్ని నొక్కులు, ఎక్కడ వెయ్యాలో గీతలు కూడా ఉంటాయి. ఆ లగ్గుకు ఆ అంకె ఉన్న డై వాడితే పై లెక్క మీరు వెయ్యక్కర్లేదు. ఆ 16 చూసి ఇది 16 స్క్వేర్ లగ్గు అని పక్కన పెట్టేసిన కుర్రాళ్లను చూశాను, అందుకే చెప్తున్నా.

ఆరు పలకల నొక్కుడా, గుంట నొక్కుడా?

బోటుకు ఆరు పలకలదే. చుట్టూ సమానంగా నొక్కుతుంది, పైన స్లీవ్ చక్కగా అతుక్కుంటుంది. గుంట ఉన్నచోట స్లీవ్ కింద గాలి మిగులుతుంది, పల్చని లగ్గయితే గుంట అంచున చిట్లుతుంది కూడా.

నొక్కేటప్పుడు వరస ఏంటి?

కేబుల్‌ను కేబుల్ కట్టర్‌తో నిటారుగా కొయ్యండి. హాక్సాతో కోస్తే పోగులు చెదిరి, రాగి రజను లోపల ఉండిపోతుంది. లగ్గు గొట్టం లోతు పుల్లతో కొలిచి, దానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు కలిపి తొడుగు తియ్యండి. చాకును తొడుగు చుట్టూ తిప్పండి కానీ రాగి దాకా దించొద్దు. చివరి పొరను చేత్తో వంచితే అదే చిట్లుతుంది. పోగులు నల్లగా ఉంటే, మెరిసే రాగి వచ్చేదాకా కేబుల్ వెనక్కి కోసుకుంటూ పోండి. నల్లబడిన రాగిని ఎంత నొక్కినా లాభం లేదు.

ఇక్కడ ఆగి, స్లీవ్ కేబుల్‌లోకి ఎక్కించారా చూసుకోండి. లగ్గు నొక్కాక గుర్తొస్తే ఆ లగ్గు కోసి పారెయ్యడమే.

పోగులు చెదరకుండా వేళ్లతో మెలిపెట్టి, ఒక్కటి కూడా బయట మిగలకుండా లగ్గులోకి చివరిదాకా తొయ్యండి. మొదటి నొక్కు బోల్టు కన్నం వైపు వెయ్యండి, రెండోది కేబుల్ వైపు. రాగి నలిగి సాగేది బయటికి సాగాలి. డై వెడల్పుగా ఉంటే ఒక్క నొక్కు చాలు, సన్న డై అయితే రెండు. డై రెండు సగాలు కలిసేదాకా పంపు కొట్టండి. మంచి టూల్ అయితే అక్కడ టక్ మని ఒత్తిడి తనే వదిలేస్తుంది. అలా వదలని టూల్‌తో, డైలు కలిశాక ఇంకో నాలుగు కొడదాం అనుకోవద్దు, తల పగులుతుంది.

రెండో చివర నొక్కేముందు కేబుల్‌ను బోటులో పెట్టి రెండు లగ్గుల చదును ముఖాలు ఎటు తిరగాలో మార్కర్‌తో గీత గీసుకోండి. 70 స్క్వేర్ కేబుల్ చేత్తో మెలి తిరగదు. బలవంతంగా తిప్పి బిగిస్తే ఆ మెలి అంతా బ్యాటరీ స్తంభం మీద పడుతుంది.

నొక్కుడు బాగా పడిందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి లగ్గు బోటుకు కాదు, పరీక్షకు. నొక్కిన లగ్గును మధ్యలో అడ్డంగా హాక్సాతో కొయ్యండి. కోసిన ముఖాన్ని ఆకురాయితో చదును చేసి, ఉప్పుకాగితం మీద నీళ్లు వేసి రుద్దండి. పడాల్సిన విధంగా పడితే పోగులన్నీ తేనెపట్టు గదుల్లా ఒకదానికొకటి ఆనుకుని, అంచులు కలిసిపోయి, రాగి ముద్దలా కనిపిస్తుంది. గోరుతో గీరినా ఒక్క పోగు కదలదు. నల్లని చుక్కలు కనిపిస్తే అవి ఖాళీలు. ఒక డై చిన్నది వాడండి, లేదా మందమైన లగ్గు తెండి. కొత్త టూల్, కొత్త రకం లగ్గు, కొత్త కేబుల్, ఈ మూడిట్లో ఏది మారినా నేను ఒక లగ్గు కోస్తాను. ఒక లగ్గు ఖర్చుతో సరిపోతుంది.

రెండోది లాగుడు. లగ్గును దూలానికి బోల్టు వేసి, కేబుల్ పట్టుకుని ఒక నిమిషం నేలకు కాళ్లు తగలకుండా వేలాడండి, పడినా దెబ్బ తగలని ఎత్తులో. 70 స్క్వేర్ లగ్గు మనిషి బరువుకు కదిలిందంటే దాన్ని బోటులోకి రానివ్వకండి.

బిగించాక మీటరుతో చూసేది మూడోది. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మీటరును డీసీ మిల్లీవోల్టుల మీద పెట్టి, ఒక పుల్ల లగ్గు చదును భాగం మీద, ఇంకోటి గొట్టం అంచున కనిపించే పోగుల మీద ఆనించండి. స్లీవ్ మూయకముందే చెయ్యాలి ఇది. మంచి లగ్గు దగ్గర కొద్ది మిల్లీవోల్టులే చూపిస్తుంది. పదులు దాటితే కోసి మళ్లీ వెయ్యండి. మొత్తం మీద బ్యాటరీ స్తంభం నుంచి స్టార్టర్ బోల్టు దాకా పాజిటివ్ వైపు అర వోల్టు మించకుండా చూసుకోండి, నెగటివ్ వైపూ అంతే.

నొక్కాక రెండు పక్కలా చెవుల్లా రేకులు వచ్చాయి. ఆకురాయితో తీసేస్తే చాలా?

చెవులు వచ్చాయంటే ఆ లగ్గుకు డై చిన్నదైంది, లేదా డైలు పూర్తిగా మూసుకోకముందే రాగి సందులోంచి బయటికి పొంగింది. చెవి సన్నగా, గోరంత ఉంటే స్లీవ్ చిరగకుండా రాసి తీసేయొచ్చు. మందంగా ఉంటే లోపల పోగులు తెగి ఉండొచ్చు. అప్పుడు ఒక సైజు పెద్ద డైతో కొత్త లగ్గు నొక్కి, కోసి చూసుకోవడమే మార్గం.

స్లీవ్ తప్పనిసరా? ఇన్సులేషన్ టేపు చాలదా?

టేపు చాలదు. నాలుగు నెలల్లో జిగురు కారి, అంచు లేచి, లోపలికి చెమ్మ పోతుంది. కేబుల్ పోగుల మధ్య సందులు వత్తిలా పనిచేస్తాయి. ఒక చివర చొరబడిన ఉప్పునీరు మూరెడు దాకా లోపలికి పాకి రాగిని నల్లగా చేస్తుంది. లోపల జిగురు పూత ఉన్న, మూడింతలు ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవ్ తీసుకోండి. లగ్గు గొట్టం మొత్తం కప్పి, కేబుల్ తొడుగు మీదికి కనీసం రెండు అంగుళాలు రావాలి. వేడిని మధ్యలో మొదలుపెట్టి చివరలకు తీసుకెళ్లండి. రెండు అంచుల్లోనూ జిగురు సన్నటి వలయంలా పొంగి బయటికొస్తే మూత పడినట్టు. ఛార్జ్ అవుతున్న బ్యాటరీల పక్కన హీట్ గన్ వాడకండి, ఆ పెట్టెలో హైడ్రోజన్ ఉంటుంది. కేబుల్ విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

నాకు ఒకే బోటు ఉంది. టూల్ కొనాలా?

కొనక్కర్లేదు. నిషేధం రోజుల్లో మీ బోటుకు కావాల్సిన కేబుళ్లన్నీ కొలిచి, లగ్గులు మీరే మంచివి కొని, ప్యానెల్ బోర్డులు చేసే వర్క్‌షాపుకు తీసుకెళ్లండి. వాళ్ల దగ్గర మంచి టూళ్లుంటాయి. ఒక లగ్గు కోసి చూపించమని మాత్రం అడగండి. విసుక్కుంటే ఇంకో షాపు చూసుకోండి. ముగ్గురు నలుగురు ఓనర్లు కలిసి ఒక హైడ్రాలిక్ టూల్ కొనుక్కున్నా బాగుంటుంది, కాకపోతే అందరూ ఒకే రకం లగ్గు వాడాలని ముందే అనుకోండి.

హైడ్రాలిక్ టూల్‌ను ఉప్పుగాలిలో ఎలా కాపాడుకోవాలి?

పని అయ్యాక ఒత్తిడి పూర్తిగా వదిలి, పిస్టన్ లోపలికి వెళ్లాకే పెట్టెలో పెట్టండి. డైలకు, బయట కనిపించే పిస్టన్‌కు నూనె గుడ్డ తుడవండి. డై లోపలి పలకల మీద తుప్పు పట్టి గరుకైతే నొక్కుడు చెడుతుంది. నూనె తగ్గితే హైడ్రాలిక్ నూనే పొయ్యండి. బ్రేక్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. టూల్‌ను బోటులో ఉంచకండి, ఇంట్లో పెట్టుకోండి.

వేటలో ఉండగా లగ్గు పోతే ఏం చెయ్యాలి?

ఒడ్డున ఉన్నప్పుడే సిద్ధపడాలి. మీ బోటులో అన్నిటికన్నా పొడవైన బ్యాటరీ కేబుల్ ఏదో చూసి, అదే పొడవులో రెండు చివరలా లగ్గులు నొక్కి, స్లీవ్ వేసిన కేబుల్ ఒకటి స్పేర్‌గా చేయించండి. చుట్ట చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఇంజిన్ గదిలో కాకుండా వీల్‌హౌస్‌లో వేలాడదీయండి. దాన్ని ఎలా మార్చాలో బోటు నడిపే సరంగుకు ఒక్కసారి చేసి చూపించండి, రెంచి సైజు సంచి మీద రాసి పెట్టండి. దానితో పాటు బోల్టులతో బిగించే లగ్గులు రెండు పెట్టుకోండి. వాటికి టూల్ అక్కర్లేదు, రెంచి చాలు. ఒడ్డుకు వచ్చిన రోజే వాటిని తీసేసి నొక్కుడు లగ్గు వేయించండి. బోల్టు లగ్గు ఇంజిన్ అదురుకు రోజురోజుకీ వదులవుతూనే ఉంటుంది.